పదిహేడేండ్ల క్యాంపు అనుభవం

మొగిలయ్య కంటికి ఎవరూ ఆనరు. ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. కల్లు తాగేవాళ్ళు తాగుబోతులు, తాగనివాళ్ళు పిసినారులు. దుబాయికి పోయినవాళ్ళు బుద్ధిలేనివాళ్ళు, పోనివాళ్ళు చేతగానివాళ్ళు. సర్పంచు దొంగ. సర్పంచును దొంగ అనేవాడు ఇంకా పెద్ద దొంగ, వాడికి అందలేదు గనక. పదిహేడేళ్ళు గల్ఫులో ఉండి రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు అతని సంచి సగం ఖాళీగా ఉంది. అక్కడి నుంచి నిండుగా తెచ్చుకున్నది ఈ చిన్నచూపు ఒక్కటేనని భార్య చంద్రవ్వ అంటుంది.

రుద్రంగి దగ్గర వాళ్ళ ఊరు. గౌడులు. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తాటిచెట్లు ఎక్కాడు. గల్ఫుకు పోయాక అతని వంతు చెట్లను కల్లుగీత సంఘం వేరే వాళ్ళకు పంచింది. తిరిగి వచ్చి నా చెట్లు నాకియ్యండని అడిగితే, నలభై ఏడేళ్ళకు మోకు కట్టుకుని ఎక్కుతావా అని సంఘంలో నవ్వారు. ఎక్కి చూపిస్తానని ఎక్కాడు. సగం దాకా పోయాక కాళ్ళు వణికాయి. చెట్టును కౌగిలించుకుని అరగంట ఉండి, దిగాడు. దిగి, ఆ చెట్టులో కల్లు లేదన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు చేసింది ఏమీ లేదు. చంద్రవ్వ బీడీలు చుట్టింది, అతను గడపలో కూర్చుని దారిన పోయేవాళ్ళను చూశాడు. ఎవడూ ఆనలేదు.

రెండు నెలల కిందట సాగర్ ఫోన్ చేశాడు. సాగర్‌ది కోరుట్ల. మొగిలయ్యకు దూరపు చుట్టం, ముప్పై ఏళ్ళవాడు, హోటల్ చదువు చదివాడు. "కాకా, క్యాంపుల పని ఉన్నది, వస్తవా?" అన్నాడు.

ఈ వైపు ఊళ్ళలో క్యాంపు అంటే ఒకటే అర్థం. ఎడారిలో కంపెనీ వేసిన రేకుల గదులు, గదికి పన్నెండు మంది, ఒకదానిమీద ఒకటి ఇనుప మంచాలు. కొడుకు ఏ క్యాంపులో ఉన్నాడని అడుగుతారు గాని ఏ దేశంలో ఉన్నాడని అడగరు. మొగిలయ్య పాస్‌పోర్టు, ఫోటోలు, పాత మెడికల్ కాయితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, సాగర్ చెప్పిన చోటికి ఆటోలో పోయాడు. ఆటో రోడ్డు దిగి అడవిలోకి మళ్ళి గుట్ట ఎక్కుతుంటే, ఆఫీసు ఇంత లోపల పెట్టాడంటే వీడు దొంగ ఏజెంటే అనుకున్నాడు. పైన టేకు చెట్ల మధ్య రంగురంగుల గుడారాలు ఉన్నాయి. ఒక చెక్క గేటు, ఒక వంటపాక ఉన్నాయి. మనుషులు లేరు.

"పాస్‌పోర్టు ఎందుకు తెచ్చినవ్ కాకా?" అన్నాడు సాగర్.

"క్యాంపన్నవ్ గద."

"గా క్యాంపు కాదే. గిది క్యాంపింగు. పట్నపోళ్లు వచ్చి అడివిల పంటరు."

"ఎందుకు?"

"ఉత్తగనే."

"ఇంట్ల జాగ లేదా?"

"పైసలిచ్చి పంటరు కాకా."

మొగిలయ్య ఒక గుడారంలోకి తల పెట్టి చూశాడు. నేలమీద అరచెయ్యంత మందం పరుపు. మనిషి లేచి నిలబడితే నెత్తికి గుడ్డ తగులుతుంది. తమ క్యాంపులో కనీసం నిలబడే వీలు ఉండేది.

"అనుభవం ఏమన్న ఉన్నదా అని హైదరాబాద్ సారు అడుగుతడు. ఏం చెప్పాలె?" అన్నాడు సాగర్.

"పదిహేడేండ్లని చెప్పు."

సాగర్ నిజంగానే చెప్పాడు. కోరుట్లలో పుట్టినవాడికి ఆ మాట అర్థం తెలియక కాదు. హైదరాబాదులో ఉండే యజమానికి తెలియదు, అంతే. ఆయన సంతోషించి, తలకు తువ్వాల చుట్టిన మొగిలయ్య ఫోటో ఇంటర్నెట్లో పెట్టించాడు. పక్కన, పదిహేడేళ్ళ క్యాంపు అనుభవం గల మార్గదర్శి అని రాయించాడు.

పని పెద్దగా లేదు. నీళ్ళు మోయాలి, కట్టెలు తేవాలి, వంటపాకలో వడ్డించాలి, వచ్చినవాళ్ళు అడిగితే చెట్ల పేర్లు చెప్పాలి. మొగిలయ్య తనకు తెలియని చెట్టుకు కూడా పేరు చెప్పాడు. ఎవరూ తప్పు పట్టలేదు. అడిగినవాళ్ళకు వినే ఓపిక ఉండేది కాదు. సాయంత్రం మంట దగ్గర ఎడారి కథ చెప్పమంటే ఒంటె కథ చెప్పేవాడు. ఇసుక తుఫానులో దారి తప్పితే ఒంటె ఒకటి వచ్చి తనను క్యాంపు గేటు దాకా నడిపించిందని. పదిహేడేళ్ళలో అతను ఒంటెను దగ్గరగా చూసింది కసాయి దుకాణంలో. ఆ కథకు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంతింత చదువులు చదివి దీన్ని నమ్ముతారా అని అతనికి ప్రతిసారీ కొత్తగా అనిపించేది.

అయినా పని వదలలేదు. దానికి కారణం ఉంది. కోరుట్ల ఏజెంటు దగ్గర అతని పేరుమీద ఒక వీసా ఉంది. ఒక క్లీనింగ్ కంపెనీది. యాభై దాటితే ఎవడూ తీసుకోడు కాకా, నీకిదే ఆఖరిది, సోమవారం లోపల అవునో కాదో చెప్పు అన్నాడు ఏజెంటు. మొగిలయ్యకు మళ్ళీ పోవాలని లేదు. ఆ మాట చంద్రవ్వతో ఒక్కసారే అన్నాడు, అన్నం తింటూ, ఆమె వైపు చూడకుండా. "నేను ఇగ పోనే." అంతే. అతని నోటి వెంట ఎవరినీ తక్కువ చేయకుండా వచ్చిన మాట అదొక్కటే కావచ్చు. అందుకే చంద్రవ్వ దాన్ని గుర్తు పెట్టుకుంది.

ఆ శనివారం హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ఇది వాళ్ళకు నచ్చితే ప్రతి వారం ఒక జట్టును పంపుతారు. పంపితే మొగిలయ్య పని పర్మనెంటు అని సాగర్ మాట ఇచ్చాడు. నచ్చకపోతే ఎండాకాలానికి క్యాంపు మూసేస్తారు.

పొద్దున బయల్దేరుతుంటే చంద్రవ్వ బీడీల చాట ముందు నుంచే అంది.

"రెండ్రోజులు నోరు కట్టుకో."

"నేనేమన్న అన్ననా?"

"పోయిన వారం గా పిల్లను ఏమన్నవ్?"

"పాములుంటయా అంకుల్ అన్నది. ఉంటయి, గని పాముకు సుత ఇజ్జత్ ఉంటది బిడ్డా, గీ గుడారంల పండదు అన్న."

"గదే. గట్ల అనకు." కత్తెరతో ఆకు కొసలు కత్తిరించింది. "సోమారం కోరుట్లకు పోవుడు ఉంటదో ఉండదో నీ నోట్లనే ఉన్నది."

"ఎరుకే."

"ఎరుకైతే మంచిదే."

మధ్యాహ్నం తెల్ల వ్యాను వచ్చింది. పదకొండు మంది దిగారు. ఒక్క రాత్రికి ఒక్కొక్కరు నెలకు సరిపడా సంచులు తెచ్చారు. ఒకతను బొగ్గుల సంచి దించాడు. హైదరాబాదులో కొని, మూడున్నర గంటలు మోసుకుని, అడవికి బొగ్గులు తెచ్చాడు. మొగిలయ్య చుట్టూ ఉన్న చెట్లను ఒకసారి చూసి, ఏమీ అనలేదు. చంద్రవ్వ గుర్తొచ్చింది.

ఈ పదకొండు మంది కాక, వాళ్ళ మేనేజరు ఒక మేడం. నలభై ఏళ్ళుంటాయి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. గుడారాలు ఎవరివి వాళ్ళే వేసుకోవాలంది. కలిసి పనిచేయడం నేర్చుకుంటారట. మొగిలయ్యకు గుడారం వేయడానికి అయిదు నిమిషాలు చాలు. అతన్ని పక్కన నిలబడి చూడమన్నారు. చూశాడు. ఒక సన్నటి కడ్డీని నలుగురు పట్టుకున్నారు. అయిదో అతను ఫోటో తీశాడు. ఒకమ్మాయి గూటాన్ని చెప్పుతో కొట్టింది, చెప్పు తెగింది. చీమ కుట్టిందని ఒకతను మందు పూసుకున్నాడు, దోమకు ఒకటి, ఎండకు ఒకటి, మొత్తం మూడు మందులు. ఎనిమిది గంటలు కదలకుండా కుర్చీలో కూర్చునే మనుషులకు నేలమీద కూర్చోవడం పండగ. వీళ్ళు కష్టాన్ని అద్దెకు తీసుకుంటారని, పొద్దున్నే వాపస్ ఇచ్చి పోతారని మొగిలయ్య అనుకున్నాడు.

ఒక గుడారం తాడు పట్టుకున్నచోట తెగింది. అందరూ ఇంకో తాడు కోసం వెతుకుతుంటే కళ్ళద్దాల కుర్రాడొకడు రెండు కొసలూ దగ్గరికి తెచ్చాడు. వేలి కొస నాలుకకు తాకించి, చూడకుండానే, ఒక మెలిక తిప్పి లాగాడు. ముడి పడింది. గోటితో కొసలు నొక్కి, ఏమీ జరగనట్టు పక్కకు పోయాడు.

మొగిలయ్య ఆ ముడిని గుర్తు పట్టాడు. మగ్గంమీద పోగు తెగితే అతికే ముడి అది. గల్ఫు గదిలో అతని మంచానికి కింది మంచం దశరథంది. ఎల్లారెడ్డిపేటవాడు. గల్ఫుకు రాక ముందు సిరిసిల్లలో సాంచెలు నడిపాడు. అక్కడ మరమగ్గాలను సాంచెలనే అంటారు. బట్టలారేసే తీగ తెగినా, చెప్పు వారు తెగినా దశరథం వేళ్ళు అలాగే నాలుకకు తగిలి, అలాగే తిరిగేవి.

"ఏ ఊరు బాబూ మీది?" అని కుర్రాణ్ణి అడిగాడు.

"హైదరాబాద్ అంకుల్."

"అంతకు ముందు?"

"హైదరాబాదే."

పేరు మహేశ్ అని పక్కవాళ్ళు పిలిస్తే తెలిసింది. సిరిసిల్ల ఇక్కడికి గంట దారి. సాంచెల చప్పుడు వింటూ పుట్టినవాడు తప్ప ఆ ముడి వేయలేడు. ఊరు దాచుకునే మనిషిని మొగిలయ్య తన లెక్కలో అందరికంటే కింది వరసలో పెట్టాడు.

గుడారాలు లేచాక సాగర్ ఒక వెదురు బుట్ట తెచ్చాడు. రేపు పొద్దునదాకా అందరి ఫోన్లూ అందులో వేయాలని మేడం అంది. మనసుకు విశ్రాంతి అట. నవ్వుతూ, ఏడుపు మొహం పెడుతూ పదకొండు మందీ వేశారు. మేడం వేయలేదు. బుట్ట మొగిలయ్యకు అప్పజెప్పి, ఎవరడిగినా ఇవ్వొద్దంది. దాన్ని వంటపాకలో బియ్యం డబ్బామీద పెట్టుకుని కూర్చున్నాడు. తమ క్యాంపులో పాస్‌పోర్టులు గుంజుకునేవాళ్ళు. వీళ్ళు అడగ్గానే ఇచ్చి, పైగా చప్పట్లు కొట్టారు.

గంట కాకముందే మహేశ్ పాక వెనక నుంచి వచ్చాడు.

"అంకుల్, టూ మినిట్స్. ఒక్క కాల్."

"టైం కాలే."

"చాలా ఇంపార్టెంట్."

"ఎవలికి?"

"మా బాపుకు."

"పట్నంల తండ్రిని బాపు అంటరా?"

మహేశ్ ముఖం ఎర్రబడింది. నేల చూశాడు. "ఆఫీసుల ఏదో నడుస్తుంది అంకుల్. సోమవారం కొందరిని తీసేస్తరంటున్నరు. ఎవరెవరో తెలీదు. మా బాపుకు ఆపరేషన్ ఉంది, కంపెనీ ఇన్సూరెన్సుమీదనే. డేటు ముందుకు జరుపుకొమ్మని చెప్పాలె."

"మేడం ఇయ్యొద్దన్నది. నా చేతుల లేదు," అన్నాడు మొగిలయ్య. తన చెయ్యి బుట్టమీదే ఉంది. ఆ మాట చెప్పడంలో సుఖం ఉందని అతను ఆ రోజే తెలుసుకున్నాడు. క్యాంపు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మెన్ పదిహేడేళ్ళూ తనతో అదే మాట ఎందుకన్నాడో తెలిసింది.

మూడు గంటలకు కోరుట్ల నుంచి బిర్యానీ వచ్చింది. మేడం దగ్గరుండి అందరికీ కొసరి వేయించింది. తను కూడా వాళ్ళ పక్కనే చాపమీద కూర్చుని తిన్నది. ఆమె ఇట్లా ఎప్పుడూ కూర్చోదని ఒకమ్మాయి ఇంకో అమ్మాయితో అనడం మొగిలయ్య విన్నాడు.

తిన్నాక, వ్యానులో ఉన్న అట్టపెట్టె తెమ్మన్నాడు సాగర్. బరువుగా ఉంది. మొగిలయ్య దించుతుంటే మూత లేచింది. పదకొండు కట్టలు. ఒక్కో కట్టలోంచి పసుపుపచ్చ చీటీలు నాలుకల్లా బయటికి వచ్చి ఉన్నాయి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి. తన కాలంలో గుమాస్తా వేలు పెట్టి చూపించేవాడు. మొగిలయ్యకు ఇంగ్లీషు రాదు. చదవాల్సిన పని కూడా పడలేదు. ఫోన్లు బుట్టలో ఉన్నాయి. కడుపులో బిర్యానీ ఉంది. మేనేజరు చాపమీద ఉంది. పెట్టెను చేతుల్లో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"గీ కాయితాలేందిరా?" అన్నాడు సాగర్‌తో.

"కంపెనీ పేరు మారిందంట. సంతకాలు. గంతే."

"గదానికి అడివి ఎందుకు? ఆఫీసుల బల్లలు లేవా?"

"కాకా." సాగర్ గొంతు తగ్గించాడు. "నీకెందుకే? మేడం మంచిగున్నది, అందరు మంచిగున్నరు. గీ ఒక్క రాత్రి గడిస్తే నువ్వు పర్మనెంటు. ఒంటె కథ చెప్పు, పండుకో."

పొద్దు గుట్ట వెనక్కు పోతుండగా మంట వేశారు. హైదరాబాదు బొగ్గులు అంటుకోలేదు. మొగిలయ్య తునికి కట్టెలు తెచ్చి వేస్తే అంటుకుంది. అందరూ చుట్టూ కూర్చున్నారు. మేడం చిన్నగా మాట్లాడింది. మనం ఒక కుటుంబం అంది. కొత్త పేరుతో కొత్త దారి అంది. ఈ చిన్న పని అయిపోతే రాత్రంతా ఆటలేనంది. కట్టలు చేతి నుంచి చేతికి పోయాయి, వెనకాలే పెన్నులు.

"సంతకాలయ్యేలోపు అంకుల్ కథ చెప్తారు. పదిహేడేళ్ళు ఎడారిలో క్యాంపింగ్ చేశారట!" అంది మేడం.

అందరూ ఓహో అన్నారు. సాగర్ మంట అవతల నుంచి కళ్ళతో ఒంటె అన్నాడు. మొగిలయ్య తువ్వాల సవరించుకున్నాడు. మహేశ్ కట్టను మంట వెలుగుకు వంచి మొదటి పేజీ చదవబోతుంటే పక్కవాడు చేయి చాపి, పసుపు చీటీ ఉన్న పేజీ తీసి ఇచ్చాడు. వీళ్ళు ఎట్లా పోతే తనకేంటి అని మొగిలయ్య అనుకున్నాడు. ఒంటె అనే మాట నాలుక కొసకు వచ్చింది కూడా.

"మా క్యాంపుల సుత ఒకపారి బిర్యానీ పెట్టిండ్రు," అన్నాడు.

"డెజర్ట్ బిర్యానీ!" అన్నారెవరో.

"పదిహేడేండ్లల గదొక్కపారే. గొర్రెను నిలువునా వండిండ్రు. మేనేజరు వచ్చి మా పక్కన కింద కూసున్నడు. ఎన్నడు కూసోనోడు కూసున్నడు. మాకు గప్పుడే తెల్వాలె."

ఒకమ్మాయి నవ్వి, ఆపేసింది. మేడం కూర్చున్న చాప వైపు చూసింది.

"తిన్నంక కాయితాలు ఇచ్చిండ్రు. అరబ్బీల ఉన్నయి. కంపెనీ పేరు మారుతున్నది, గంతే, సంతకం పెట్టుండ్రి అన్నరు. పాస్‌పోర్టులు వాళ్ల తాన్నే ఉండె. చేతుల నెయ్యి పోలే ఇంక. అందరు పెట్టిండ్రు. తెల్లారి కంపెనీ గేటుకు తాళమున్నది. మీకు రావల్సిందంత ముట్టిందని అండ్ల రాసి ఉన్నదట. పదిహేడేండ్లు చేసినోనికి, నెల చేసినోనికి ఒకటే కాయితం."

కట్టె ఒకటి పగిలి నిప్పురవ్వలు లేచాయి. మేడం ముఖంలో నవ్వు ఇంకా ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"నువ్వు పెట్టినవా కాకా?" అన్నాడు మహేశ్.

అందరూ మహేశ్ వైపు తిరిగారు. అతను ఊరి యాసలో మాట్లాడగా వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు.

మొగిలయ్య దగ్గర ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది. ఊళ్ళో రెండేళ్ళుగా చెప్తున్నది అదే. బలవంతంగా వేలిముద్ర వేయించారని. చంద్రవ్వ కూడా అదే నమ్మింది.

"పెట్టిన," అన్నాడు.

"చదవకుంటనే?"

"ఒకడు అడిగిండు. దశరథమని, ఎల్లారెడ్డిపేటోడు, మీ సాంచెలోడే. చదివి చెప్పుండ్రి, గప్పుడు పెడుత అన్నడు. నేనే నవ్విన. ఏం బారిస్టరువురా నువ్వు, బిర్యానీ తిన్నవ్ గద, సప్పుడు జెయ్యక పెట్టు అన్న. నా మాటకు గదంత నవ్విండ్రు." మొగిలయ్య ఒక కట్టెను మంటలోకి తోశాడు. "వాడు పెట్టలే. కరెంటు తీసేసిన క్యాంపుల ఎనిమిది నెలలున్నడు. కోర్టుల గెలిచి, రావల్సింది పట్టుకొని వచ్చిండు. నేను ముందుగాలే వచ్చిన, ఉత్త చేతులతోని."

వాళ్ళకు చెప్పలేదు గాని, ఎల్లారెడ్డిపేట మీదుగా పోయే బస్సు అతను ఇప్పటికీ ఎక్కడు.

అందరూ కాయితాలను మొదటి పేజీ నుంచి తిప్పసాగారు. తెగిన చెప్పుల అమ్మాయి తలెత్తింది. "మేడం, ఇందులో నేను చేరిన తేదీ ఎల్లుండి సోమవారం అని ఉంది. నేను చేరి ఏడేళ్ళయింది."

"అది సిస్టం వేసిన తేదీ. అందరికీ అలాగే ఉంటుంది."

"మరి ఏడేళ్ళు?"

"అన్నీ అలాగే కొనసాగుతాయి."

"అది ఎక్కడ రాసుంది మేడం?"

మేడం ఓపిగ్గా నవ్వింది. "అడవికి వచ్చి కూడా ఆఫీసు గోలేనా?"

మహేశ్ లేచి వంటపాకలోకి వచ్చాడు. మొగిలయ్య అతని వెనకే వచ్చాడు. బుట్ట మూత తీసి పక్కన పెట్టాడు. మహేశ్ తన ఫోన్ వెతుక్కుని, పెద్ద బండమీదికి ఎక్కి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

మంట ఆరేలోపు ఎనిమిది మంది సంతకం పెట్టారు. చదివారు, అర్థం చేసుకున్నారు, పెట్టారు. పెట్టకపోతే ఈ సోమవారమే ఇంటికి పోవాల్సి వస్తుందని భయం. మహేశ్, తెగిన చెప్పుల అమ్మాయి, చీమ మందు అతను, ఈ ముగ్గురు మాత్రం ఇంటికి తీసుకుపోయి చూపించుకుంటామన్నారు. మేడం సరేనంది. ఆ ముగ్గురి కట్టలను తన ఫోన్లో ఫోటో తీసుకుంది. ఆటలు జరగలేదు. ఆ ఎనిమిది మందిని చూసి మొగిలయ్యకు ఎప్పటిలాగే చిన్నచూపు పుట్టింది. కానీ అది వాళ్ళ దగ్గర ఆగలేదు. తిరిగి తన మీదికే వచ్చింది. రాత్రంతా బియ్యం డబ్బాకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున టిఫిన్ తినకుండానే వ్యాను ఎక్కారు. అతని వైపు ఎవరూ చూడలేదు. సంతకం పెట్టినవాళ్ళు కోపంతో చూడలేదు, పెట్టనివాళ్ళు భయంతో చూడలేదు. మహేశ్ సంచి కోసం పాక దగ్గరికి వచ్చాడు.

"సిరిసిల్లల ఏ వాడ?" అన్నాడు మొగిలయ్య.

మహేశ్ వ్యాను వైపు ఒకసారి చూశాడు. "హైదరాబాద్ అంకుల్," అని సంచి తీసుకుని పోయాడు.

వ్యాను గుట్ట దిగేదాకా సాగర్ చేతులు ఊపి, తిరిగి వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు.

"మేడం సారుకు ఫోన్ చేసిందే కాకా. ఇగ మీదికి ఎవ్వలను పంపరట. సారు నీ ఫోటో తీసెయ్యమన్నడు."

"తియ్యి."

"ఒంటె కథ చెప్తే ఏమైతుండె?"

"అది అబద్ధమురా."

"ఎరుకే కాకా. గందుకే గద అందరికి నచ్చుతది." సాగర్ తిట్టలేదు. తిడితే మొగిలయ్యకు తేలిగ్గా ఉండేది. "నన్ను సుత ఉంచుతడో లేదో. నువ్వైతే ఇగ రాకు."

మధ్యాహ్నానికి ఇంటికి చేరాడు. చంద్రవ్వ చాట ముందే ఉంది. అతని ముఖం చూసి ఆకు కింద పెట్టింది.

"ఏమన్నవ్?"

"అడిగిండ్రు, చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

గడపలో కూర్చుని మొత్తం చెప్పాడు. బిర్యానీ, దశరథం, తను నవ్వడం, తను పెట్టిన సంతకం. వేలిముద్ర మాట అబద్ధమని కూడా చెప్పాడు. అయిపోయాక చంద్రవ్వ, ముందున్న బీడీని దారం కట్టకుండా చాలాసేపు పట్టుకుంది.

"గా పట్నపోళ్లకు చెప్పినవ్," అంది చివరికి. "నాకు రెండేండ్లయినా చెప్పలే."

మొగిలయ్య తలకున్న తువ్వాల విప్పి మోకాలిమీద పెట్టుకున్నాడు.

"ఇగ ఏం చేస్తవ్?"

"ఏం చేస్త!"

"పో మరి. రేపటి దాక ఎందుకు, ఇయ్యాలనే చెప్పు వానికి." ఆమె గొంతులో కోపం లేదు. చాట దగ్గరికి లాక్కుని మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

మొగిలయ్య ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఆదివారమైనా మొదటి రింగుకే ఎత్తాడు.

"పోత. రాసుకో," అన్నాడు మొగిలయ్య.

"గట్లనాలె కాకా! గిది మంచి క్యాంపు. రూంకు ఎనమండుగురే."

"ఏసీ?"

"ఉంటది."

"గోడ పక్కకు, కింది మంచం ఇప్పియ్యి. మీదికి ఎక్కుడు ఇగ నాతోని కాదు."

ఏజెంటు నవ్వాడు. "మంచం నా చేతుల లేదే కాకా."

"నీ చేతుల ఏమున్నదిరా మరి?" అన్నాడు మొగిలయ్య.